రెయిలింగ్‌కి గుండెదడ ఉండదు

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, పోర్ట్ బ్లెయిర్ సైక్లింగ్ ట్రాక్‌లో స్ప్రింట్ కోచ్‌గా ఉన్న నాకు ఒక అదనపు బాధ్యత అప్పగించారు: క్రీడాకారులకు మనోనిగ్రహం నేర్పడం. అందుకోసం మెయిన్‌లాండ్‌లో వారం రోజుల శిక్షణ కూడా ఇప్పించారు. శ్వాస మీద ధ్యాస నిలపడం, కోపాన్ని పొరుగింటి గొడవలా దూరంనుంచి చూడడం అక్కడ నేర్చుకున్నాను. తిరుగు విమానంలో కిటికీ సీటు దొరకలేదని దారి పొడవునా మండిపడుతూ వచ్చాను. నా తెలివితక్కువతనానికి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు.

ట్రాక్ స్ప్రింట్ గురించి తెలియనివారికి రెండు మాటలు. ఇద్దరే పోటీదారులు. సైకిళ్లకు బ్రేకులుండవు. పేరుకు వేగం పందెం గానీ, మొదటి భాగమంతా ఆలస్యం పందెమే. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చాలి, వెనకవాడు ఆ చాటున శక్తి దాచుకుంటాడు. అందుకని ఎదుటివారిని ముందుకు పంపాలని ఇద్దరూ నత్తల్లా సాగుతారు, ఒక్కోసారి పెడళ్ల మీదే నిలబడి సైకిలును కదలకుండా ఆపేస్తారు. దాన్ని ట్రాక్ స్టాండ్ అంటారు. ఎవరికి ఓపిక ముందు చస్తే వారు ముందు కదులుతారు. తరచు వారే ఓడిపోతారు.

నా శిష్యురాలు ఝాన్సీ ఓపిక ఎప్పుడూ ముందే చచ్చేది. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడ్డారు, నాన్నకు డైరీ ఫార్మ్ అనే పేటలో హార్డ్‌వేర్ దుకాణం. ప్రాక్టీసులో మేకు కొట్టినట్టు నిలబడే ఈ పిల్ల, అసలు పోటీలో మాత్రం ముందే ఉరికి ఓడిపోయేది. కోపం ఎక్కువ, నిగ్రహం తక్కువ అని నేను నిర్ధారించాను. కొత్తగా చదివిన చదువు కదా, కనబడిన ప్రతి జబ్బుకూ ఒకటే మందు.

రోజూ ట్రాక్ పక్కన కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవాణ్ణి. విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్ పేట మీదుగా విమానం దిగితే ఒక కన్ను తెరిచేది.

“చెన్నై ఫ్లైట్ సార్. ఆజ్ లేట్.”

“శ్వాస మీద ధ్యాస పెట్టమన్నాను, ఫ్లైట్ మీద కాదు,” అని గట్టిగా కసిరేవాణ్ణి.

“క్యా సార్, నాకు శాంతి నేర్పించి గుస్సా అంతా మీరే ఉంచుకుంతన్నారు,” అనేది.

జాతీయ పోటీలకు దీవుల జూనియర్ జట్టు ఎంపిక ట్రయల్ వచ్చింది. స్ప్రింట్‌కు ఉన్నది ఒకే స్థానం. మరుసటి ఏడాదికి ఝాన్సీకి జూనియర్ వయసు దాటిపోతుంది. ఫైనల్లో ఆమెకు ప్రత్యర్థి చౌల్దారీ ఊరి అమ్మాయి మోనికా. ఆ పిల్ల ముఖంలో ఉరుము ఉరిమినా మార్పు కనబడదు. మూడు రేసుల్లో రెండు గెలిచినవారు జట్టులోకి వెళ్తారు.

మొదటి రేసుకు నేనే ఝాన్సీ సైకిలు పట్టుకున్నాను. పోటీలో రైడర్ రెండు పాదాలూ పెడళ్లకు బిగించుకుని ఉంటుంది కాబట్టి, విజిల్ పడేదాకా వెనకనుంచి ఒకరు సీటు పట్టుకుని నిలబెట్టాలి. తొయ్యకూడదు, వదలాలి, అంతే. మా దగ్గర ఆ పని కోచ్‌దే. విజిల్ పడింది, వదిలాను. సైకిలు కాస్త అటూఇటూ ఊగి సాగింది. రెండో మలుపు దగ్గర మోనికా ట్రాక్ స్టాండ్ పెట్టింది. ఝాన్సీ ఆగలేక ఉరికింది. మోనికా చివర్లో తాపీగా దాటేసింది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఝాన్సీ హెల్మెట్ తీసి చేయి అడ్డం పెట్టింది.

“సార్, ప్రాక్టీసులో నాను ఎలా స్టార్ట్ అవుతాను?”

“ట్రాక్ అంచున రెయిలింగ్ పట్టుకుని.”

“రేసులో?”

“నేను పట్టుకుంటాను.”

“అదే సార్. మీ చెయ్యి ఒణుకుతంది. సీటు దగ్గర మొదలై హ్యాండిల్ దాకా వచ్చేత్తంది. ఇన్నాళ్లూ నాకే భయం అనుకున్నాను. ఇప్పుడు చూత్తే మీ భయం నాను మోత్తన్నాను. రెయిలింగ్‌కి గుండెదడ ఉండదు కదా సార్.”

నేను నోరు తెరిచాను.

“నక్కో సార్. ట్రయల్ పూర్తయ్యేదాకా మీరు నాతో ఒక్క మాట ఆడకండి. రెయిలింగ్ అయిపోండి.”

ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను చాలామంది చాలా అన్నారు గానీ, ఇనప కడ్డీగా పదోన్నతి ఇచ్చింది ఈ పిల్లే. సైకిళ్ల మీద నాకు మంచి పట్టుంది, నా మీదే లేదని ఆ క్షణాన ఒప్పుకోక తప్పలేదు. రెండో రేసుకు సీటు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆమెకు చెప్పిన పాఠమే, మొదటిసారి నేను చేశాను: గాలి లోపలికి, గాలి బయటికి. చెయ్యి వణుకు తగ్గడం నాకే తెలిసింది. విజిల్ పడింది. సైకిలు గీత గీసినట్టు కదిలింది.

మోనికా మళ్లీ ఆగింది. ఝాన్సీ కూడా ఆగింది. మోనికా తొడలు అదరడం మొదలైంది, ఇవతల ఝాన్సీ ఆవలించింది. అది నేను నేర్పలేదు. మోనికా ముందుకు కదిలింది, ఝాన్సీ వెనక చాటున సాగి ఆఖరి మలుపులో దాటేసింది. మూడో రేసు చక్రం తేడాతో ముగిసింది. కంచె దగ్గర నిలబడ్డ నాకు ఎవరు ముందో తెలియలేదు. ముగింపు గీత దగ్గర తీసిన ఫోటో చూస్తే ఝాన్సీ చక్రమే ముందుంది.

కోచ్ భయం మాటల్లో కంటే చేతుల్లో ముందు తెలిసిపోతుందని, క్రీడాకారిణిని సరిదిద్దే ముందు ఆమెను తాకుతున్న చేతిని చూసుకోవాలని ఈ ఉదంతం నాకు నేర్పింది. తర్వాత ఏ రైడర్‌ను పట్టుకున్నా ముందు నా శ్వాసే చూసుకున్నాను.

ఝాన్సీ రొప్పుతూ నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఎలా చేశాను? ఆవలింత చూశారా?”

నేను ఆమెను చూసి తల పంకించి ఊరుకున్నాను.

“సార్, బోలియే నా. ఒక్క మాట.”

ట్రయల్ పూర్తయ్యేదాకా అని గడువు పెట్టింది ఆమే. నిబంధనల ప్రకారం ఫలితాల మీద ముఖ్య న్యాయనిర్ణేత సంతకం పడితేనే ట్రయల్ పూర్తయినట్టు. ఆయన అవతల బల్ల దగ్గర పెన్ను కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. నా జేబులో రెండు పెన్నులున్నాయి. నేను కొబ్బరిబోండాం కొట్టించుకుని, నింపాదిగా తాగుతూ నిలబడ్డాను.