ఫల్గుణ చూరు కింద వెలుగు

అరకు బజారులో నాది కరెంటు సామాన్ల కొట్టు. మాది కింద శృంగవరపుకోట. ఇక్కడివాళ్ళకు నేను వరహాలరావును కాదు, ఉత్త సావుకారును. ఎందరికో బల్బులు అమ్మాను గానీ, ఒక్క లైటు కోసం నా ప్రాణం తోడేసిన మనిషి ఫల్గుణ ఒక్కడే.

ఫల్గుణది అనంతగిరి దారిలో, కొండ వాలు మీద ఇల్లు. చాలాకాలం పాడేరు జీపు తోలాడు. మోకాళ్ళు అరిగాక కాఫీ తోట చూసుకుంటూ, పట్నం నుంచి వచ్చేవాళ్ళకు గదులిద్దామని పాత పెంకుటింటిని బాగుచేయించడం మొదలుపెట్టాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ మొండితనంతోనే, తన స్థలం మీదుగా గెడ్డకు, అంటే వాగుకు, పోయే కాలిబాటకు అడ్డంగా ముళ్ళ కంచె వేశాడు. అతిథుల కార్ల మధ్య నుంచి ఆడవాళ్ళు బిందెలతో నడిస్తే బాగోదట. దిగువ పల్లెవాళ్ళంతా కొండ చుట్టూ తిరిగి నీళ్ళు మోసుకోవాల్సి వచ్చింది. సొంత అన్న గాసి ఆనాటి నుంచి మాటలు మానేశాడు. పెళ్ళిళ్ళకూ, కొత్తల పండగకూ పల్లె నుంచి పిలుపులు రావడం ఆగిపోయింది.

లైటు ఎంచుకోవడానికి పెళ్ళాం దేముడమ్మను కూడా తీసుకొచ్చాడు. రెండు రకాల స్ట్రిప్పు లైట్లు బల్ల మీద పరిచి వెలిగించాను. మొదటిది నాబు తిప్పితే తగ్గుతుంది గానీ తెలుపు తెలుపుగానే ఉంటుంది. రెండోది తగ్గించేకొద్దీ రంగు కూడా మారుతూ, లేత పసుపులోంచి మెల్లగా నిప్పుల రంగులోకి దిగుతుంది. వామ్ డిమ్ అంటారు. ఫల్గుణ ఆ నాబును పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

"ఇదే కావాల సావుకారూ. పొయ్యి కాడ కూకున్నట్టుంది. టవునోళ్ళు దీనికే వత్తారు."

"తెల్లదే తీసుకో," అంది దేముడమ్మ. "సూరు కింద నిప్పు రంగేటి?"

"నీకు తెల్దు, ఊరుకో."

"తెలుసు. రేపు మనకేటైనా ఐతే కిందనుంచి ఒక్క మనిసి రాడు. అది తెలిసే సెప్తన్నాను."

ఫల్గుణ డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె భయం నాకు అర్థమైంది. కానీ మొగుడూపెళ్ళాల తగువులో వేలు పెట్టడం నాకెందుకు? పైగా ఖరీదైనది అమ్ముడవుతుంటే వ్యాపారికి నోరు పెగలదు.

బిగించడానికి నేనే వెళ్ళాను. ఎండాకాలం, కొండల మీద పోడు కాలుస్తున్న రోజులు. అంతకుముందు వేసవిలో పోడు నిప్పు గాలికి ఎగిరి పల్లెలో గడ్డిళ్ళు కాలిపోయాయి. అప్పటి నుంచి చీకటి పడితే చాలు, అక్కడ అందరి కళ్ళూ కొండ వాలు మీదే ఉంటాయి. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు, ఫల్గుణకూ తట్టలేదు.

పల్లెకు ఎదురుగా ఉన్న వసారా చూరు పొడవునా స్ట్రిప్పు అతికించాం. పొద్దు వాలింది. వంటింట్లో దేముడమ్మ పచ్చి కర్రలతో తంటాలు పడుతుంటే పెంకుల సందుల్లోంచి పొగ పైకి లేస్తోంది. ఫల్గుణ నాబు పట్టుకుని బాగా తగ్గించాడు. చూరు కింద సన్నగా, ఎర్రగా నిప్పుల గీత పాకింది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

అప్పుడు పల్లెలో డప్పు మోగింది. ఆగకుండా మోగింది. వెంటనే కేకలు. టార్చిలైట్లు గుంపుగా పైకి కదిలాయి. కంచె దగ్గర గుంజలు విరిగిన చప్పుడు వినిపించింది. ఆ వెలుతురులో గొడ్డళ్ళు కనబడ్డాయి.

ఫల్గుణ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కంచె పీకేత్తన్నారు. ఇంటి మీదికి వత్తన్నారు."

నన్ను లోపలికి లాగి తలుపు గడియ వేశాడు. దేముడమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ అన్నదమ్ముల తగువులో నన్ను నరికేస్తే శృంగవరపుకోటలో మా ఇంటిదానికి కబురు చెప్పేదెవరు?

"మాట్లాడి పంపించవయ్యా," అన్నాను.

"మాటలకొచ్చినోళ్ళకి గొడ్డళ్ళెందుకు?"

వసారాలో అడుగుల చప్పుడు. తలుపు దబదబ బాదారు. "ఒరే, తలుపు తియ్యరా! బేగి తియ్యరా!" గాసి గొంతది. ఫల్గుణ తలుపుకు భుజం ఆనించి నిలబడ్డాడు. గొడ్డలి దెబ్బకు చెక్క చిట్లింది. ఇంకో దెబ్బ పడింది.

దేముడమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఇను. బావ ఏడుత్తన్నాడు."

ఫల్గుణ గడియ మీద చెయ్యి వేసేలోగానే తలుపు ఊడి పడింది. బిందెడు నీళ్ళు అతని ముఖాన పడ్డాయి. గాసి తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చి, మట్టిలో పడేసి, వీపూ తలా రెండు చేతులతో తడిమాడు. ఎక్కడ అంటుకుందోనని వెతుకుతున్నాడు. వసారా ముందు ఆడవాళ్ళు చూరు మీదికి బిందెలు విసురుతున్నారు. కుర్రాళ్ళు పచ్చి కొమ్మలతో పెంకులు బాదుతున్నారు. స్ట్రిప్పు మినుకుమని ఆరిపోయింది.

అందరూ ఆగిపోయారు. కాలిన వాసన లేదు.

"మంట కాదు. లైటు," అన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు.

గాసి ఇంకా రొప్పుతున్నాడు. "తలుపెందుకు తియ్యలేదురా? పొగకి పడిపోనావనుకున్నాను."

ఫల్గుణ తల దించుకున్నాడు. "నా ఇల్లు కూల్చడానికి వత్తన్నారనుకున్నాను."

గాసి చెయ్యెత్తాడు. కొడతాడనే అనుకున్నాను. ఆ చెయ్యి తమ్ముడి తడి తల మీద పడి అక్కడే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"రేపు పీకేత్తాను, అన్నా," అన్నాడు ఫల్గుణ.

"ఏటి? ఆ లైటా?"

ఫల్గుణ గెడ్డ వైపు చూశాడు. నీళ్ళ కోసం కంచెను సగం పడగొట్టేశారు. ఎవరో ముసలామె, ఇక్కడ మంట లేదని ఇంకా తెలియక, కాళ్ళకు చుట్టుకున్న ముళ్ళ తీగ విదిలించుకుంటూ నిండు బిందెతో పరుగెత్తుకొస్తోంది.

"కంచె," అన్నాడు.