కరెంటు పోగానే పరుగు

ఈ రోజు జనగామలో ఒక బేకరీకి వెళ్లాను. ఆటిజం ఉన్న సరిత అక్కడ బిస్కెట్లు ప్యాక్ చేస్తుంది. హఠాత్తుగా వచ్చే చప్పుళ్లు భరించలేక ఇంతకుముందు చేరిన పనులన్నీ వదిలేసింది. ఇక్కడ ఆమెకు పని నేర్పి, తోటివాళ్లకు ఆమె ఇబ్బందులు వివరించిన శిక్షకురాలు తన శిక్షణ గడువు ముగిసి వెళ్లిపోయింది. ఇక ఈ ఉద్యోగం నిలుస్తుందా అని యజమానిని అడుగుతుండగా కరెంటు పోయింది. బేకరీ మాస్టర్ యాదగిరి పిండి చేతులతోనే లోపలికి పరుగెత్తాడు.

"ఏమైందన్నా?" అన్నాను, అతను తిరిగి రాగానే.

"పిండి కలిపే మిషన్ స్విచ్ బంద్ చేసిన సార్. లేకుంటే కరెంటు రాంగనే ఒక్కసారిగ మోగుతది, సరిత పరేషానైతది."

కరెంటొచ్చింది. "సరితా, మిషన్ ఏస్తున్న" అన్నాడు యాదగిరి. ఆమె చెవులు మూసుకుని, "ఎయ్యన్నా" అంది.

నా ప్రశ్నకు జవాబు దొరికింది. కరెంటు కోతకు కృతజ్ఞతలు చెప్పడం నాకిదే మొదటిసారి. మీరు పనిచేసే చోట ఇలా పరుగెత్తే మనిషి ఉన్నారా?