ఇయ్యాల తారీఖు

మేడమీద అద్దెకుండే కంప్యూటర్ సారు పోయాడని మొదట పాలు పోసే ఆమె చెప్పింది.

ఎనభైలలో హనుమకొండలోని ఆయన ఆఫీసులో, కంప్యూటర్ ఆన్ చేయగానే అది తేదీ అడిగేదట. ఏది చెబితే అదే నమ్మేదట. భార్య పోయాక ఒకరోజు ఆయన చేయి ఆమె బతికున్న నాటి తేదీ కొట్టింది. ఆనాటి లెక్కలన్నీ తప్పి, ఉద్యోగం ఊడేంత పనైంది.

అప్పటినుంచి రోజూ మా గుమ్మం దగ్గర ఆగేవాడు.

"అక్కా, ఇయ్యాల తారీఖు జర చెప్పు."

"నీ ఇంట్ల క్యాలెండర్ లేదా తమ్మీ?"

"ఉన్నదక్కా. నేను చూస్తే ఆమె ఉన్న దినమే కనవడ్తాంది. నువ్వు చెప్తే నమ్ముత."

క్యాలెండర్ చదివి చెప్పగానే అరచేతిలో రాసుకుని వెళ్లేవాడు. ఇంట్లో నాన్న నేర్పిన నా చదువు ఒకరికి ఆసరా అయినందుకు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఇప్పటికీ పొద్దున గుమ్మం దగ్గర ఎవరో ఆగినట్టుంటుంది. తేదీ పైకే చెబుతాను. మీరూ ఎక్కడైనా ఈనాటి తేదీ రాస్తే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.