పోయొస్తా

మా ఇంట్లో ఎవరు గడప దాటినా "పోయొస్తా" అనిపించాకే పంపుతాను. పిల్లలు నవ్వుతారు.

తెల్లదొరల కాలంలో, యుద్ధం జరిగే రోజుల్లో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే, పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచే బస్సులో పాతికేళ్లవాడొకడు నా పక్కన కూర్చున్నాడు. బస్సు ఎగిరినప్పుడల్లా ఒళ్లోని గుడ్డసంచిని రెండు చేతులా పొదువుకునేవాడు. దాన్నుంచి టపాకాయల మందు వాసన వచ్చేది.

"కలెక్టరు దొర క్యాంపు యాడన్నా?" అని రెండుసార్లు అడిగాడు. సంచిలో ఏముందో నాకప్పుడు అర్థమైంది; ఒక్కడికే ఇంత కోపం ఎక్కడిదో తెలుసుకోవాలనిపించింది.

ఆళ్లగడ్డలో లేచి, "పోతానన్నా," అన్నాడు.

"పోతానంటావేందప్పా? పోయొస్తానను," అన్నాను, అలవాటుకొద్దీ.

"పోయొ..." అని మధ్యలోనే ఆపి, సంచి వైపు చూశాడు. మెట్టు దాకా పోయి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఈ బస్సు మళ్లా నంద్యాలకు ఎప్పుడు తిరుక్కుంటాదన్నా?"