నొప్పి దాచిన డిఫెండర్

2023 ఫిబ్రవరిలో రాజమండ్రిలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌లోకి ఓ ఆరడుగుల పైచిలుకు మనిషి తల వంచుకుని వచ్చాడు. పేరు డేవ్. ఇంగ్లండ్‌లో పదహారేళ్ళు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడి రిటైరైన డిఫెండర్. గోల్ కొట్టడానికి దూసుకొచ్చేవాళ్ళకి అడ్డం పడడమే డిఫెండర్ ఉద్యోగం. అక్కడ నర్సుగా పనిచేస్తున్న రావులపాలెం అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. వెంట అత్తగారు సత్యవతి గారు కూడా వచ్చారు.

"మూడు వారాల్లో అన్నవరంలో వ్రతమండి. అల్లుడు గారు పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. మీదే భారమండి" అన్నారావిడ.

ఎడమ మోకాలికి అప్పటికే రెండు ఆపరేషన్లు. లోపల గుజ్జు అరిగిపోయింది. ఫ్లెక్షన్, అంటే మోకాలు మడిచే వ్యాయామం, రోజుకి కాస్త చొప్పున పెంచాను. మడిచినప్పుడల్లా పెయిన్ స్కోర్ అడుగుతాం. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. మనవాళ్ళయితే నేను చెయ్యి వెయ్యకముందే పది అనేస్తారు! డేవ్ మాత్రం రోజూ "టూ" అనేవాడు. ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు దొరికాడని మురిసిపోయాను.

పదో రోజు సత్యవతి గారు ఒక్కరే వచ్చారు.

"మేడమ్ గారండీ, ఇక్కణ్ణుంచి రాగానే అల్లుడు గారు బాత్రూములోకెళ్ళి పంపు తిప్పేస్తున్నారండి. నీళ్ళ చప్పుడులో మూలుగు వినపడదనుకుంటున్నారు. నాకు వినపడుతోంది. ఏంటండీ ఇది?"

చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళి చూస్తే మోకాలు కొబ్బరిబోండాంలా ఉబ్బిపోయి ఉంది. రోజూ క్లినిక్‌కి వచ్చేముందు గంటసేపు ఐసు పెట్టి, వాపు కాస్త దించుకుని వచ్చేవాడట. కోపం ఆగలేదు నాకు.

"ఇంకో వారం ఇలాగే మడిచి ఉంటే మీ కాలు ఏమయ్యేదో తెలుసా? నాకు అబద్ధం ఎందుకు చెప్పారు?" అని అరిచేశాను.

డేవ్ తల దించుకున్నాడు. "క్లబ్బులో ఫిజియోకి నొప్పి అని చెబితే శనివారం మ్యాచ్‌లో మన చోటు ఇంకొకడికి పోతుంది. అందుకే పదహారేళ్ళూ రెండు అనే చెప్పాను. ఆఖరి మ్యాచ్‌కీ అదే చెప్పాను. అరగంటలో స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. మళ్ళీ ఆడలేదు" అన్నాడు ఇంగ్లీషులో. అత్తగారి వైపు చూసి, "ఈ ఇంట్లో కూడా నా చోటు పోతుందేమోనని భయం" అన్నాడు.

సత్యవతి గారికి తెలుగులో చెప్పాను.

"అయ్యో రాత! పీట మీద కూర్చోకపోతే అల్లుడు కాకుండా పోతారేంటండీ? కుర్చీ వేయించుకుందాం" అంటూ కళ్ళొత్తుకున్నారావిడ. వ్యాయామాలు ఆపించి, ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించాం. వ్రతం కుర్చీలోనే జరిగింది.

తప్పు నాదే. అంకె విని, మనిషి మొహం చూడడం మానేశాను. ఇప్పుడు స్కోర్ అడిగేముందు ఇంకో ప్రశ్న వేస్తున్నాను: "నొప్పి ఉందని చెబితే మీకేం పోతుంది?"

మొన్న కడియం నర్సరీలో మట్టి తట్టలు మోసే ఒకావిడ నడుం పట్టుకుని వచ్చి, "ఏం లేదండీ, కొంచెం పట్టేసిందంతే" అంది. ఆ ప్రశ్నే అడిగాను.

"రేపట్నుంచి పన్లోకి రావద్దంటారండి" అంది. అప్పుడు, ఎక్కడెక్కడ నొప్పో చూపించడం మొదలుపెట్టింది.