సముద్రం ఒడ్డున నా ప్లాటు

బాపట్ల నుంచి సముద్రానికి వెళ్లే బస్సు. ఇసుకదిబ్బలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. కిటికీలోంచి తెల్లరాళ్లు పాతిన లేఅవుటు చూపించి, "ఆ మూల ప్లాటు నాదే పెద్దమ్మా, మేడ కడుతున్నా" అని పక్కన కూర్చున్న చేపలమ్మే ముసలావిడకి కోతలు కోశాను. తెనాలిలో నాకున్నది అద్దె గది.

నవ్వుతుందనుకుంటే నా చేతులు పట్టుకుంది. "మా తాతల నాటి నుంచి అక్కడే చేపలు ఎండబెట్టుకునేవోళ్లం బాబూ. ఇప్పుడు కాపలావాడు తరిమేస్తన్నాడు. రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కేస్తన్నాయి. మేడ లేచేదాకా మీ ప్లాటులో ఎండబెట్టుకోనా?"

"సరేలే" అన్నాను.

"కాపలావాడికి చెప్పాలిగా, మీ పేరేంటి బాబూ?"

చెప్పాను. మరిచిపోకుండా దిగేదాకా గొణుక్కుంటూనే ఉంది. తెల్లారగానే బుట్ట నెత్తిన పెట్టుకుని, ఆ పేరు చెప్పుకుంటూ రాళ్ల మధ్యకు వెళ్లే ఉంటుంది.

ఆ పేరు కూడా నాది కాదు.