ఇద్దరని చెప్పిందెవరు?

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేదాన్ని. నేను అక్షరాలు దిద్దుకున్నదే యాభై దాటాక. అందుకే కంటితో చూసినదీ చెవితో విన్నదీ మాత్రమే రాస్తున్నాను.

హిందూపురం నుంచి పెనుకొండ వెళ్లే దారిలో మాకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. ఒక పంట పట్టుగూళ్లు అమ్మాక, కొత్త పురుగులు తెచ్చేలోపు వాటికి తెగులు అంటకుండా లోపలంతా మందు కొడతాం. ఘాటు బయటికి పోకూడదని కిటికీలు, తలుపులు బిగించేస్తాం. ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన మరిచిపోయిన స్ప్రేయర్ కోసం ముందు తలుపు తీసి, గడప దాటగానే కూలిపోయాడు.

నేనూ, పక్క చేను రత్నక్కా ఆయన్ని బయటికి లాగాం. మూర్ఛ అనుకుని రత్నక్క ఆయన చేతిలో తాళంచెవులు పెట్టింది.

"ఆటో పిలిపిద్దాం పద్మా. ఆ 108 వ్యాను ఎప్పుడొస్తాదో ఏమో!"

"ఆటోలో ఊపిరాగితే నువ్వు పోస్తావా అక్కా?" అని 108కి ఫోన్ చేశాను.

ఊరు, రోడ్డు, పక్కనున్న సెల్ టవర్ గుర్తు, మందు ఘాటుకు పడిపోయాడన్న సంగతి చెప్పాను. ఎంతమంది అంటే ఒక్కరేనన్నాను. ఊపిరి ఆడుతోందా అని అడిగారు. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నారు, నీళ్లు పట్టొద్దన్నారు, మళ్లీ లోపలికి ఎవరూ పోవద్దన్నారు. రత్నక్క అప్పటికే చెంబు తెచ్చింది. చేత్తో తోసేశాను.

వ్యాను వచ్చింది. ఆయనకు ఆక్సిజన్ పెడుతూనే అందులోని అబ్బాయి అడిగాడు.

"రెండో మనిషి యాడమ్మా?"

"ఒకరేనప్పా."

"ఇద్దరన్నారే! షెడ్డు వెనకాల తలుపు కాడ ఆడమనిషి పడిపోయిండాదని."

కోడలు సునీత పైపు దగ్గర తట్టలు కడుగుతోందనుకున్నాను. అక్కడ లేదు. పరుగెత్తి వెనక తలుపు లాగితే, కడిగినవి లోపల పెట్టబోయిందేమో, తడి తట్టల మధ్య బోర్లా పడి ఉంది. ముఖానికి మాస్కు పెట్టుకుని వాళ్లే ఆమెను బయటికి తెచ్చారు. పెనుకొండ ఆసుపత్రిలో మా ఆయనకు సాయంత్రానికే తెలివి వచ్చింది. కోడలు కళ్లు తెరవడానికి మరునాటి పొద్దు పట్టింది.

ఇద్దరని ఎవరు చెప్పారని ఆ అబ్బాయిని అడిగాను. "నువ్వేనమ్మా, నీ ఫోన్లోనే," అన్నాడు.

రత్నక్క ఒప్పుకోలేదు. "ఒక్కడే, ఒక్కడే అని అరస్తానే ఉంటివి గదా, నా చెవులింకా గుయ్యంటాండాయి!"

నేను నిలబడ్డ చోటి నుంచి వెనక తలుపు కనిపించదు. సునీత ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. మా ఆయనకు స్పృహ లేదు. చేలో ఇంకెవరూ లేరు. కంగారులో నేనే అన్నానేమో అనుకుందామన్నా, నాకు తెలియనిది ఎలా చెప్పగలను?

ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఇప్పుడు షెడ్డు మూసే ముందు ఇంట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. అందరూ పలికాక కూడా గడియ మీద చెయ్యి వేసి, ఇంకెవరైనా పలుకుతారేమోనని కాసేపు నిలబడతాను.